అమ్మకి మూడు నెలలు తప్పు మాత్రలు వేయించాను | నీరసం, మైటోకాండ్రియా, మన సుబ్బారావు గారు

ఈసారి స్టూడియో లేదు, లైట్లు లేవు. నా వెనక కనబడుతున్నది వంశధార. అటుపక్క ఆ శిఖరం శ్రీముఖలింగం గుడిది, మధుకేశ్వరస్వామి. మధూకం అంటే ఇప్పచెట్టు, ఆ చెట్టులో వెలిశాడని ఆ పేరు. శివరాత్రి దగ్గరపడింది. ఇంకొన్ని రోజులైతే ఇక్కడ వీడియో తీయడం కాదు కదా, కాలు పెట్టడానికి చోటుండదు. చక్రతీర్థ స్నానాలకి ఒడిశా నుంచి కూడా జనం వచ్చేస్తారు. అందుకే ముందే వచ్చాను. గాలి సౌండ్ వస్తుంది, కాస్త సర్దుకోండి.

ఈ చోటే ఎందుకంటే, పోయినేడాది ఈ రేవులోనే మా అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. స్నానం చేసి పైకొస్తూ సగంలో ఆగి, ఆయాసపడుతూ, "నాను ఎక్కలేను బాబూ, నువ్వెల్లు" అంది. అప్పటికి అమ్మ వయసు 46. ఉడుపుల రోజుల్లో పొద్దున్నించి సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా మడిలో ఉండి, ఇంటికొచ్చి మళ్లీ అందరికీ వండిపెట్టిన మనిషి. పది మెట్లు ఎక్కలేకపోయింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? అక్కడే నిలబడి ఫోన్ తీసి, ఆవిడకి మైటోకాండ్రియా క్యాప్సూల్స్ ఆర్డర్ పెట్టాను. కొడుకు ఇంజినీరు కదా మరి.

నవ్వకండి, ఆ టైంలో నేను పూర్తిగా ఆ రీల్స్ మత్తులో ఉన్నాను. హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అందులో రెండేళ్లు అమెరికా టైమింగ్స్. సాయంత్రం ఆరుకి లాగిన్, తెల్లవారుజామున మూడుకి లాగౌట్. 26 ఏళ్లకే మూడో అంతస్తు ఎక్కితే గుండె దడ. ఎందుకింత నీరసం అని ఒకరోజు వెతికాను. ఇక చూసుకోండి, ఫీడ్ మొత్తం అదే. కోక్యూటెన్, ఎన్ఎంఎన్, ఎన్ఏడీ, మీ కణాల వయసు వెనక్కి తిప్పండి, ఈరోజే 40 శాతం తగ్గింపు. నాకు నెలకి మూడున్నర వేలు అయ్యేది. అమ్మకి కూడా కలిపితే ఏడు వేలు. నాన్నకి ఈ లెక్క ఇప్పటికీ తెలీదు. ఈ వీడియో చూడడనే ధైర్యం.

సరే, అసలు విషయానికొద్దాం. మైటోకాండ్రియా అంటే ఏంటి? నేను ఎంపీసీ బ్యాచ్. బయాలజీ పదో తరగతితో వదిలేశాను. తెలుగు మీడియం పుస్తకంలో "కణ శక్త్యాగారాలు" అని ఒక్క మాట, దానికి ఒక్క మార్కు, అంతే గుర్తు. ఈ ఎపిసోడ్ కోసం మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇవి వందలు, కొన్నిట్లో వేలు ఉంటాయి. మనం తిన్న అన్నం, నూనె, పప్పు చిన్న చిన్న ముక్కలై ఇక్కడికి చేరతాయి. పీల్చిన ఆక్సిజన్ కూడా ఇక్కడికే వస్తుంది. మనం వాడే ఆక్సిజన్‌లో చాలా భాగం ఖర్చయ్యేది మైటోకాండ్రియాలోనే. ఈ రెండూ కలిసి కాలితే వచ్చే శక్తితో ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. ఏటీపీ అంటే చేతిలో చిల్లర లాంటిది. అన్నం పెద్ద నోటు, దాంతో బస్ టికెట్ కొనలేం. కండ కదలాలన్నా, నరం కబురు పంపాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా చిల్లరే కావాలి. తమాషా ఏంటంటే, ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ నిల్వ చాలా తక్కువ, గ్రాముల్లో ఉంటుంది. కానీ అదే చిల్లర తిరిగి తిరిగి వాడుతూ, రోజు మొత్తమ్మీద దాదాపు మన బరువంత ఏటీపీని తయారుచేసుకుంటామని లెక్క. అంటే ఈ మిల్లు రాత్రీ పగలూ ఆగదు.

ఇప్పుడొక విషయం. ఈ ఏటీపీని కనిపెట్టిందెవరో తెలుసా? మనాయనే. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి పనిచేశారు. 1925లో రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు, కాబట్టి ఇద్దరికీ పేరు దక్కాలి. నేను బీటెక్ అయ్యేదాకా ఈ పేరు వినలేదు. మీలో ఎంతమంది విన్నారో మీకే తెలుసు.

ఫాస్ఫోక్రియాటిన్ అన్నాను కదా, అది ఎక్కడ పనికొస్తుందో మన జిల్లా మనిషితోనే చెప్తాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్. కరణం మల్లీశ్వరి, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కాంస్యం. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇప్పుడు ఆలోచించండి, ఆ బరువు ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది? కొన్ని సెకన్లు. అంత తక్కువ టైంలో అన్నం, ఆక్సిజన్, మైటోకాండ్రియా అని లైన్లో నిలబడితే పని కాదు. అందుకే కండ తన దగ్గరున్న ఏటీపీని వాడేస్తుంది. అది రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. అయిపోతున్న దాన్ని వెంటవెంటనే నింపేదే ఫాస్ఫోక్రియాటిన్. అది కూడా పది సెకన్ల వరకే. ఆ తర్వాత చక్కెరని గబగబా విరగ్గొట్టే దారి ఒకటుంది. కానీ నిమిషాల తరబడి నడవాలన్నా, గంటల తరబడి ఉడుపు ఉడవాలన్నా మైటోకాండ్రియాదే భారం. భీమవరం ఆయన హార్వర్డ్‌లో కనిపెట్టిన విషయంతో ఊసవానిపేట అమ్మాయి సిడ్నీలో బరువెత్తింది. నాకైతే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతకీ మా అమ్మకి ఏమైంది?

క్యాప్సూల్స్ మూడు నెలలు వేసుకుంది పాపం, ఒక్కపూట మానకుండా. "ఏటి బాబూ, ఇవి ఏసుకుంటే ఓపికొస్తాదంటావా" అని అడుగుతూనే వేసుకుంది. కొడుకు తెచ్చాడు కాబట్టి మంచిదే అయ్యుంటుంది, అదీ ఆవిడ లెక్క. ఏమీ మారలేదు. పైగా ముఖం పాలిపోతోంది. పైన పెదవి లోపలి రంగు కూడా పోయింది. నేనది చూసి ఎండకి అనుకున్నాను. మా పిన్ని చూసి, "ఒరే, మీ అమ్మ మొకంలో రగతం నేదురా, చూడ్డం నేదేటి" అని తిట్టింది. అప్పుడు నరసన్నపేట తీసుకెళ్లాను.

డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. తర్వాత నన్ను బయటికి పొమ్మంది. అమ్మతో పావుగంట మాట్లాడింది. ఆ పావుగంటలో ఆవిడ అడిగిన ప్రశ్న నేను 28 ఏళ్లలో అడగలేదు. ఏడాదిన్నరగా నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు ఆగడం లేదు. అడగడానికి నాకు సిగ్గు, చెప్పడానికి ఆవిడకి సిగ్గు. వయసు మీదపడితే అందరికీ ఇలాగే ఉంటుందనుకుని ఊరుకుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4. ఆడవాళ్లకి 12 ఉండాలి. స్కాన్‌లో గర్భసంచిలో గడ్డలు. ప్రమాదకరమైనవి కావు, కానీ రక్తం పోతున్నది వాటివల్లే. ఇదంతా కెమెరా ముందు చెప్పడానికి అమ్మ పర్మిషన్ తీసుకున్నాను. "సెప్పు, ఇంకోరి అమ్మకి పనికొస్తాది" అంది. ముఖం మాత్రం చూపించొద్దంది.

ఇక్కడ సైన్స్ చూడండి, నా తెలివితక్కువతనం మీకు పూర్తిగా అర్థమవుతుంది. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవు. ఆక్సిజన్ మోసుకెళ్లి మిగతా కణాల్లోని మైటోకాండ్రియాకి అందించడమే వాటి పని. మోసేవాళ్లే లేకపోతే మిల్లు ఎంత మంచిదైనా ఆగిపోతుంది. రెండోది ఇంకా పెద్దది. మైటోకాండ్రియా లోపల ఎలక్ట్రాన్లని ఒకరి నుంచి ఒకరికి అందించే ప్రోటీన్ల వరస ఉంటుంది, మన ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు తట్టలు అందించుకున్నట్టు. ఆ ప్రోటీన్ల గుండెకాయల్లో ఉండేది ఇనుము. ఐరన్ తగ్గితే రక్తానికీ దెబ్బ, మైటోకాండ్రియాకీ దెబ్బ. నేను అమ్మకి పెట్టిన కోక్యూటెన్ కూడా ఆ వరసలో ఒక మెంబరే, అది నిజం. కానీ దాన్ని ఒళ్లే తయారుచేసుకుంటుంది. పుట్టుకతో అది తయారుకాని జబ్బు ఉన్నవాళ్లకి బయటి నుంచి ఇస్తారు, అలాంటివాళ్లు చాలా అరుదు. అమ్మకి లేనిది ఇనుము. నేను ఇచ్చింది నెలకి మూడున్నర వేల మాత్ర. ఆ మూడు నెలలూ లోపల రక్తం పోతూనే ఉంది.

ఆవిడకి కావాల్సిన మాత్ర పీహెచ్‌సీలో ఫ్రీగా దొరుకుతుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన బిళ్ల. ఆశా వర్కరమ్మ ఇంటికి తెచ్చి ఇస్తే మనవాళ్లు కడుపులో తిప్పుతోందని గూట్లో పడేస్తారు, అదే. ఆ ఫోలిక్ యాసిడ్ వెనక కూడా మళ్లీ సుబ్బారావు గారే. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా, రక్తం తగ్గిపోయే జబ్బు. తనకీ వచ్చింది, బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన టీమే 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. మన ఊళ్లల్లో బోదకాలుకి పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడి నుంచే వచ్చింది. 1948లో పోయారు ఆయన. మా ఇంట్లో మందుల డబ్బా తీస్తే ఆయన చేయి తగలని అర లేదు.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. ఆంధ్రలోనూ సగానికి పైనే. అంటే మీరు ఈ వీడియో చూస్తున్న ఇంట్లో అమ్మకో అక్కకో చెల్లికో ఉండే ఛాన్స్ చాలా ఎక్కువ. అలాగని రక్తం తక్కువ అనగానే షాపుకెళ్లి ఐరన్ కొనేయకండి. నేను చేసిన తప్పే ఇంకో రకంగా చేసినట్టవుతుంది. బీ12 తక్కువైనా రక్తం తగ్గుతుంది. మన ఏజెన్సీ వైపు సికిల్ సెల్ ఉంది, దానికి ఐరన్ మందు కాదు. రక్తం ఎక్కడికి పోతోందో కూడా తెలియాలి. నీరసానికి థైరాయిడ్ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, నిద్రలో శ్వాస ఆగడం ఉండొచ్చు, మనసు బాగోకపోవడమూ ఉండొచ్చు. ముందు పరీక్ష, తర్వాత మాత్ర. నేను తిరగేసి చేశాను.

ఇక నా సంగతి. నా రక్తపరీక్షలు అన్నీ నార్మల్. అది విని సంతోషించాలా, ఏడవాలా అర్థం కాలేదు. మరి నీరసం ఎందుకు?

ఇక్కడే మైటోకాండ్రియా అసలు కథ ఉంది. అవి మాత్రతో పెరగవు, పని పెడితే పెరుగుతాయి. 1967లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకల్ని వారాల తరబడి పరిగెత్తించి చూశాడు. వాటి కండల్లో మైటోకాండ్రియాకి సంబంధించిన ఎంజైములు ఇంచుమించు రెట్టింపయ్యాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆటో స్కేలింగ్. లోడ్ వస్తేనే కొత్త సర్వర్లు లేస్తాయి. లోడ్ లేకపోతే ఉన్నవాటిని కూడా సిస్టం ఆపేస్తుంది. నేను రెండేళ్లు కుర్చీలో కూర్చుని, తిండి కూడా యాప్‌లో తెప్పించుకుని, నా ఒంటికి ఇచ్చిన సిగ్నల్ ఒక్కటే: ఇక్కడ ట్రాఫిక్ లేదు, అన్నీ ఆపేయ్. అది చెప్పినట్టే చేసింది పాపం.

వయసు మీదపడితే ఇవి తగ్గుతాయి, అది నిజమే. మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంటుంది, అక్షరాలు 16,569 మాత్రమే. అది మనకి అమ్మ నుంచే వస్తుంది, నాన్న నుంచి రాదు. అందుకే మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు దాన్ని పట్టుకుని తల్లి వైపు వంశాలు వెనక్కి వెతుక్కుంటూ వెళ్తారు. అండమాన్ తెగల మీద వాళ్ల పరిశోధన 2005లో వచ్చింది, అదో పెద్ద కథ. సరే, ఆ డీఎన్ఏలో ఏళ్లు గడిచేకొద్దీ తప్పులు పేరుకుంటాయి. పాడైన మైటోకాండ్రియాని ఏరి పారేసే పని కూడా మందగిస్తుంది. కానీ ముసలితనం అని మనం అనుకునేదాంట్లో కొంత వయసు, కొంత కదలకపోవడం. 2017లో అమెరికాలో మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ టీం ఒక ప్రయోగం చేసింది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లు ఒక గుంపు, 65 నుంచి 80 ఏళ్ల వాళ్లు ఇంకో గుంపు. కాసేపు గట్టిగా తొక్కు, కాసేపు ఆగు, అలా సైకిల్ మీద ఇంటర్వెల్ వ్యాయామం, 12 వారాలు. కండల్లో మైటోకాండ్రియా పనితనం కుర్రాళ్లలో 49 శాతం పెరిగింది. పెద్దవాళ్లలో 69 శాతం. మళ్లీ చెప్తున్నాను, పెద్దవాళ్లలోనే ఎక్కువ.

మరి ఎన్ఎంఎన్? అది వేసుకుంటే రక్తంలో ఎన్ఏడీ పెరుగుతుంది, మనుషుల్లోనూ చూశారు. దాంతో ఆయుష్షు పెరుగుతుందని గానీ, ముసలితనం వెనక్కి పోతుందని గానీ మనుషుల్లో రుజువు లేదు. ఎలుకల ఫలితం చూపించి మన జేబులో చేయి పెడుతున్నారు. ఇంకో ముచ్చట వినండి. 2009లో జర్మనీలో మైకేల్ రిస్టో టీం కొందరు కుర్రాళ్లకి వ్యాయామంతో పాటు పెద్ద డోసులో విటమిన్ సీ, ఈ మాత్రలు ఇచ్చింది. మాత్ర లేనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ లాభం రాలేదు. వ్యాయామంలో పుట్టే ఆ కాస్త మంటే కణానికి కబురు, మాత్ర వెళ్లి ఆ కబురుని ఆర్పేసింది. మాత్రలు ఇంటింటికీ పంచినా నడిచేది మనమే. జామకాయ తినొద్దని కాదు దీనర్థం, సరేనా? జామకాయ తినండి.

నేను చేస్తున్నది పెద్ద సైన్స్ ఏం కాదు. వారానికి 150 నిమిషాలు తగ్గకుండా చురుగ్గా కదలాలి, రెండు రోజులు కండకి బరువు పెట్టాలి అని డబ్ల్యూహెచ్ఓ చెప్పింది, అదే. పొద్దున్నే ఈ ఏటిగట్టు మీద నడక. మధ్యలో ఆ కరెంటు స్తంభం నుంచి ఈ స్తంభం దాకా పరుగు, మళ్లీ నడక. ఇంటికెళ్లి గుంజీలు, ఒక బియ్యం బస్తా. జిమ్ నరసన్నపేటలో ఉంది, పోను రాను పెట్రోల్ దండగ. మొదటి నెల ఏం తేడా లేదు, అబద్ధం చెప్పను. రెండో నెల చివర్లో ఒకరోజు మాట్లాడుకుంటూ మెట్లెక్కేసి, ఎక్కాక గమనించాను. నైట్ షిఫ్ట్ మానేశాను, నిద్ర కుదిరింది, ఇందులో దాని వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. నైట్ షిఫ్ట్ మానేయండి అని మీకు చెప్పే హక్కు నాకు లేదు, ఈఎంఐలు నాకూ తెలుసు. బీపీ, గుండె సమస్య ఉంటే పరుగుకి ముందు డాక్టర్ని అడగండి.

అమ్మకి మాత్రం మొదట్లో నడక వద్దంది డాక్టరమ్మ. హిమోగ్లోబిన్ 7 దగ్గరున్నప్పుడు గుండెకి భారం. గడ్డలకి మందు, ఐరన్ బిళ్ల, పక్కన నిమ్మకాయ నీళ్లు. భోజనం అవ్వగానే టీ తాగడం మానిపించాం, టీ ఇనుముని పట్టనివ్వదు. ఈ ఒక్కటీ మానిపించడానికి నాకు జరిగిన యుద్ధం ఇంకో ఎపిసోడ్. చోడి అంబలి మానలేదు. మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ అంబలి తాగితే రక్తం పట్టేస్తుందని నమ్మి బిళ్ల పక్కన పడేస్తే కుదరదు. మూడు నెలల తర్వాత 10.8 వచ్చింది. ఇప్పుడు 12 దాటింది. 10 దాటాక డాక్టరమ్మ ఒప్పుకుంది, నాతో నడకకి వస్తోంది. మొదటిరోజు స్తంభాల మధ్య నేను పరిగెడుతుంటే, "ఎవులైనా తరుముతన్నారేటిరా" అంది.

మిగిలిన క్యాప్సూల్స్ డబ్బా ఇంట్లోనే ఉంది. పారేయలేదు. అమ్మ దాంట్లో మెంతులు పోసుకుంది, మూత గట్టిగా ఉందట.

అదిగో, వినబడుతోందా? రేవు పై మెట్టు మీద నిలబడి పిలుస్తోంది, ఎండెక్కిపోతోందని. నాకంటే ముందే ఎక్కేసింది. కెమెరా అటు తిప్పను, మాట ఇచ్చాను. మీ ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్ష చేయిస్తే నాకు మెసేజ్ పెట్టండి, రిపోర్ట్ పంపక్కర్లేదు, చేయించాం అని చెప్తే చాలు. వచ్చే ఎపిసోడ్ నైట్ షిఫ్ట్ నిద్ర మీద. ఉంటాను మరి, బై.